టికెట్ లేనివాళ్లకూ ఒక దారి



సర్జాపుర నుంచి దొమ్మసంద్ర, ముత్తానల్లూరు మీదుగా చందాపుర వెళ్లే దారి మనలో చాలామందికి తెలుసు. ఆ దారి పక్క పల్లెల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం మాట్లాడే పాత కుటుంబాలున్నాయి. ఉద్యోగాల కోసం గుంటూరు నుంచీ, కరీంనగర్ నుంచీ, కడప నుంచీ వచ్చి అపార్ట్‌మెంట్లలో స్థిరపడ్డ మనలాంటివాళ్లమూ ఉన్నాం. చందాపుర దాటి ఆనేకల్ వైపు తిరిగితే సూర్యనగర్ వస్తుంది. అక్కడ 80,000 మంది కూర్చునే క్రికెట్ స్టేడియంతో ఒక పెద్ద క్రీడాప్రాంగణం కట్టాలన్న ప్రతిపాదనకు కర్ణాటక ప్రభుత్వం 2025 ఆగస్టులో ఆమోదం తెలిపింది. సుమారు 100 ఎకరాల స్థలం, 1,650 కోట్ల రూపాయల అంచనా, పని హౌసింగ్ బోర్డుది. అది పూర్తయితే ఏదో ఒక రోజు ఐపీఎల్ ఫైనలో, ప్రపంచకప్ ఫైనలో మన ఆనేకల్ తాలూకాలోనే జరగొచ్చు.

ఆ రోజు రావాలనే నేను కోరుకుంటున్నాను. అయితే అది వచ్చేలోగా ఈ ఊళ్లన్నీ ఒక విషయం ఆలోచించి పెట్టుకోవాలి. టికెట్ కొనుక్కున్న మనిషి సంగతి స్టేడియంవాళ్లు చూసుకుంటారు. అతనికి సీటు నంబరుంది, గేటు నంబరుంది. టికెట్ దొరక్కపోయినా, ఆ సంబరంలో నేనూ ఉండాలి అని బయల్దేరి వచ్చే మనిషి సంగతి ఎవరు చూస్తారు? పెద్ద ఆట జరిగే రోజున లోపలున్నవాళ్ల కన్నా బయట ఉన్నవాళ్లే ఎక్కువ. వాళ్ల కోసం చేసేదే అసలైన ఏర్పాటని నా నమ్మకం.

బెంగళూరుకు ఈ మధ్యే ఒక ప్రపంచ ఫైనల్ చేతిదాకా వచ్చింది. 2025 మహిళల వన్డే ప్రపంచకప్ షెడ్యూలు జూన్‌లో ప్రకటించినప్పుడు తొలి మ్యాచ్ సెప్టెంబర్ 30న చిన్నస్వామి స్టేడియంలోనే. నవంబర్ 2న జరగాల్సిన ఫైనల్ కూడా, పాకిస్తాన్ అక్కడిదాకా వచ్చి కొలంబోకు మార్చాల్సి వస్తే తప్ప, బెంగళూరులోనే. ఆగస్టు 22న ఆ జాబితాలోంచి బెంగళూరు పేరు తీసేశారు. దాని స్థానంలో నవీ ముంబైలోని డీవై పాటిల్ స్టేడియం వచ్చింది. నవంబర్ 2 రాత్రి అక్కడే మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి తొలిసారి ప్రపంచకప్ ఎత్తారు. ఆ జట్టులో కడప జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన శ్రీచరణి ఉంది, హైదరాబాద్ అరుంధతి రెడ్డి ఉంది. కబ్బన్ పార్కు పక్కన చిన్నస్వామిలో జరగాల్సిన ఆ రాత్రి మనకు టీవీలో కనిపించింది. నాకు ఆ గెలుపు ఎంత ఆనందమో, అది ఇక్కడ జరగలేదన్న బాధా అంత ఉంది.

ఆ ఫైనల్ బెంగళూరు నుంచి ఎందుకు పోయిందో అందరికీ తెలుసు. అయినా వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ వివరాల్లోనే మనకు కావలసిన పాఠం ఉంది.

2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో రాయల్ చాలెంజర్స్ బెంగళూరు జట్టు పంజాబ్‌ను 6 పరుగులతో ఓడించి 18వ సీజన్‌లో తొలి ఐపీఎల్ కప్పు గెలిచింది. మర్నాడే, జూన్ 4న, విధానసౌధ మెట్ల మీద సన్మానం, ఆ తర్వాత చిన్నస్వామిలో అభినందన సభ. ఊరేగింపు ఉందని ఒక మాట, లేదని మరో మాట. స్టేడియంలోకి ఉచిత పాసులిస్తారని వార్త. చిన్నస్వామిలో పట్టేది సుమారు 35,000 మంది. ఆ చుట్టుపక్కలకు వచ్చినవాళ్లు రెండు లక్షలు దాటారని అంచనాలు. మెట్రోలో ఆ ఒక్క రోజే తొమ్మిదిన్నర లక్షలకు పైగా ప్రయాణించారు. చివరికి కబ్బన్ పార్కు, విధానసౌధ స్టేషన్లలో రైళ్లు ఆపకుండా పోనివ్వాల్సి వచ్చింది. మూసి ఉన్న గేట్ల ముందు జనం పేరుకుపోయారు. గేటు కొద్దిగా తెరుచుకోగానే వెనకనుంచి తోపు. 11 మంది ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది ముప్పై ఏళ్ల లోపువాళ్లు, బడికి వెళ్లే వయసు పిల్లలూ ఉన్నారు. గాయపడ్డవాళ్లు 50 మందికి పైనే.

చనిపోయినవాళ్లంతా బయట ఉన్నవాళ్లు. లోపల సభ జరుగుతూనే ఉంది.

జస్టిస్ జాన్ మైకేల్ డికున్హా కమిషన్ విచారణ చేసి, అంత పెద్ద జనసమూహాలకు ఆ స్టేడియం సురక్షితం కాదని తేల్చింది. గేట్లు నేరుగా రోడ్డు పక్క ఫుట్‌పాత్ మీదికే తెరుచుకుంటాయి, వచ్చినవాళ్లు నిలబడి వేచి ఉండే ఆవరణ లేదు, పెద్ద సభలు తగిన చోటికి మార్చండి అని చెప్పింది. సూర్యనగర్ ప్రతిపాదన వెనక ఉన్న పెద్ద కారణం ఈ విషాదమే. అంటే మన తాలూకాకు రాబోయే స్టేడియం ఆ 11 మంది ప్రాణాల మీద నిలబడుతుంది. దాన్ని కట్టేటప్పుడు ఈ సంగతి ఒక్క రోజు కూడా మరవకూడదు.

ఇక్కడ చిన్నస్వామి గురించి ఒక మాట.  2017లో ఆ మైదానం కింద గొట్టాలు పరిచి, వాన నీటిని నిమిషాల్లో లాగేసే సబ్‌ఎయిర్ యంత్రాంగం పెట్టారు. వాన ఆగిన కొద్దిసేపట్లోనే ఆట మొదలుపెట్టగలుగుతారు. చూడముచ్చటైన పని అది. నీళ్లు ఎటునుంచి వస్తాయి, ఎంత వేగంగా పోవాలి అని అంత శ్రద్ధగా లెక్కగట్టగలిగిన ఇంజనీర్లు మనకున్నారు. మనుషుల రాకపోకల మీద కూడా అంత శ్రద్ధ పెట్టమని అడగడం అత్యాశ కాదు.

తెలుగువాళ్లకు ఈ తొక్కిసలాట కొత్త కాదు. 2015 జులై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరం పుష్కరఘాట్ దగ్గర 27 మంది పోయారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డ ఆరుగురు పోయారు. ఒక మహిళకు అస్వస్థత కలిగితే ఆమెను బయటికి తేవడానికి గేటు తీశారనీ, క్యూ వదిలారనుకుని జనం ఒక్కసారిగా కదిలారనీ అప్పుడు చెప్పారు. తిరుపతి గేటు, చిన్నస్వామి గేటు పక్కపక్కన పెట్టి చూడండి. ఉచితంగా ఇచ్చేది ఒకటుంది, అందరికీ సరిపోదని అందరికీ తెలుసు, గేటు ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలియదు. ఈ మూడూ ఒకచోట కలిస్తే భక్తులైనా ఒకటే, క్రికెట్ అభిమానులైనా ఒకటే.

అదే తిరుపతిలో కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో గంటల తరబడి వేలమంది కూర్చుంటారు. కంపార్టుమెంటులో పెట్టి, పాలు, అన్నప్రసాదం ఇచ్చి, దర్శనానికి ఇంత సమయం పడుతుందని చెబుతారు. విసుగు ఉంటుంది, పిల్లలు ఏడుస్తారు, కానీ ముందున్నవాడిని నెట్టాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు. తన వంతు వస్తుందని తెలుసు గనక. తిరుపతి దుర్ఘటన జరిగింది కొండ మీది కంపార్టుమెంట్లలో కాదు, కింద ఊళ్లో, ఆ కొద్దిరోజుల కోసం పెట్టిన కౌంటర్ల దగ్గర. ఏళ్ల తరబడి నేర్చుకున్న పద్ధతి ఉన్న చోట జనం నిలకడగా ఉన్నారు.

టికెట్ లేనివాళ్లకూ చోటిచ్చే ఒక పండుగ చూపించడానికి ఇప్పుడు మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాను, కెనడాకు. మన ఇళ్లలోంచి ఎందరో పిల్లలు టొరంటోలో, కాల్గరీలో, ఎడ్మంటన్‌లో ఉన్నారు కాబట్టి ఆ ఊళ్ల పేర్లు మనకు కొత్తకాదు. అక్కడ కెనడియన్ ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది. కోలగా ఉండే బంతి, జట్టుకు 12 మంది, 110 గజాల మైదానం, పది గజాలు ముందుకు పోవడానికి మూడే అవకాశాలు. దాని చాంపియన్‌షిప్ పోటీకి గ్రే కప్ అని పేరు. గవర్నర్ జనరల్ ఎర్ల్ గ్రే ఇచ్చిన కప్పు అది, 1909 నుంచి ఉంది. ఆ ఫైనల్ ఒక ఊరికి కట్టుబడి ఉండదు. 2025లో విన్నిపెగ్‌లో జరిగింది, 2026కి కాల్గరీ వంతు. నవంబర్ నెల, ఎముకలు కొరికే చలి, ఒక్కోసారి మంచు.

ఆ పోటీ ఇంత పెద్ద పండుగ కావడానికి కారణం టికెట్లు కాదు, వీధులు. 1948లో కాల్గరీ జట్టు ఫైనల్‌కు చేరింది. ఫైనల్ టొరంటోలో, మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం. కాల్గరీ జనం ప్రత్యేక రైలు వేసుకుని, గుర్రాలను కూడా ఎక్కించుకుని వెళ్లారు. టొరంటో సిటీ హాల్ ముందు దారినపోయేవాళ్లందరికీ పాన్‌కేకులు కాల్చి పెట్టారు. కౌబాయ్ టోపీలు పెట్టుకుని వీధుల్లో నృత్యాలు చేశారు. రాయల్ యార్క్ హోటల్ లోపలికి గుర్రాన్ని నడిపించుకుపోయిన కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. కాల్గరీ ఆ ఆట 12-7తో గెలిచింది. అప్పటిదాకా ఒక మధ్యాహ్నపు పోటీగా ఉన్న గ్రే కప్, ఆ తర్వాత వారం పాటు ఊరంతా జరుపుకునే ఉత్సవమైంది.

ఇప్పుడు ఆతిథ్యమిచ్చే ఊరు స్టేడియంతో పాటు నడివీధుల్లో సంగీతం, పిల్లల ఆటలు, ఊరేగింపు, ఊరూరి అభిమానులకు విడిదులు ఏర్పాటు చేస్తుంది. వాటిలో చాలా వాటికి ఆట టికెట్‌తో పనిలేదు. తమ జట్టు ఫైనల్‌కు రాకపోయినా ఎడ్మంటన్ అభిమానులు ఏ ఊళ్లో కప్పు జరిగితే ఆ ఊళ్లో తమ విడిది తెరిచి అందరినీ పిలుస్తారు. ఎక్కడికి పోవాలో, ఎప్పుడు పోవాలో ముందే తెలిస్తే జనం పది చోట్లకు సర్దుకుంటారు. అందరూ ఒకే గేటు దగ్గరికి రావాల్సిన పని ఉండదు. చిన్నస్వామి రోజున మనం ఇవ్వలేకపోయింది ఈ పది చోట్లనే. సంతోషం పంచుకోవడానికి ఊరు మొత్తానికి ఒకే ఒక చోటు చూపించాం.

గ్రే కప్ చరిత్రలోంచే ఇంకో సంగతి. 1962 డిసెంబర్ 1న టొరంటోలో ఆట సాగుతుండగా సరస్సు మీదనుంచి పొగమంచు కమ్మేసింది. ప్రేక్షకులకు ఆటగాళ్లు కనబడలేదు, పైకి తన్నిన బంతి ఆటగాళ్లకు కనబడలేదు. ఇంకా 9 నిమిషాల 29 సెకన్లు మిగిలి ఉండగా ఆట ఆపేశారు. మిగిలింది మర్నాడు ఆడించారు. విన్నిపెగ్ 28-27తో గెలిచింది. దేశమంతా చూస్తున్న ఫైనల్‌ను మధ్యలో ఆపి, రేపు రండి అని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! పెద్ద సభకు ఏర్పాట్లు చేసేవాళ్లు, ఆపే అధికారం ఎవరి చేతిలో ఉందో, ఏ పరిస్థితిలో ఆపుతారో ముందే రాసిపెట్టుకోవాలి. సన్మానాన్ని రెండు రోజులు ఆలస్యంగా చేస్తే ఏ కప్పూ చిన్నబోదు.

ఇక సూర్యనగర్‌కు వద్దాం. కొంచెం లెక్క చెబుతాను, ఓపిగ్గా వినండి.

1971లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్ స్టేడియం మెట్ల మీద ఆట ముగిసి జనం వెళ్లిపోతుండగా 66 మంది నలిగి చనిపోయారు. ఆ తర్వాత 1973లో బ్రిటన్‌లో స్టేడియాల భద్రత మీద ఒక మార్గదర్శి పుస్తకం వచ్చింది. దాన్ని గ్రీన్ గైడ్ అంటారు. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో జరిగిన తొక్కిసలాట 97 మంది ప్రాణాలు తీసింది, దాని తర్వాత నియమాలు ఇంకా గట్టిపడ్డాయి. ఆ గైడ్ ప్రకారం, ఆట ముగిశాక ప్రేక్షకులు ఎనిమిది నిమిషాల్లోపు తమ సీట్ల దగ్గర్నుంచి, ఆగకుండా బయటికి సాగిపోయే దారుల్లోకి చేరుకోగలగాలి. చదును నేల మీద ఒక మీటరు వెడల్పు దారిలోంచి నిమిషానికి 82 మంది దాకా నడిచి వెళ్లగలరని దాని లెక్క. 80,000 మందిని ఎనిమిది నిమిషాల్లో పంపాలంటే నిమిషానికి పదివేల మంది. అంటే అన్ని దారులూ కలిపి కనీసం 122 మీటర్ల వెడల్పుండాలి. మెట్లైతే ఇంకా ఎక్కువ కావాలి, మెట్ల మీద నడక నెమ్మది. ఆ వెడల్పులో ఒక పానీపూరీ బండి గానీ, పార్క్ చేసిన జీపు గానీ, విఐపి కారు గానీ అడ్డుండకూడదు.

ఆ దారులు దాటాక ఆ 80,000 మంది ఎక్కడుంటారు? చందాపుర-ఆనేకల్ రోడ్డు మీద ఉంటారు. మామూలు సాయంత్రమే చందాపుర కూడలి ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. 2025 ఆగస్టు 10న ఆర్వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా మెట్రో పసుపు మార్గం మొదలైంది, 19 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. ఇది మనకు దొరికిన పెద్ద వరం. కానీ మొదలైన రోజుల్లో రైలుకూ రైలుకూ మధ్య 25 నిమిషాలు. రైలుకు 1,500 మంది అనుకుంటే, ఇరవై వేల మందిని పంపడానికి 13, 14 రైళ్లు కావాలి. పావుగంట మించిన వ్యవధిలో నడిపితే ఆ జనం వెళ్లేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఫైనల్ రోజున ఎన్ని నిమిషాలకో రైలు, చివరిది ఎన్నింటికి, బొమ్మసంద్ర స్టేషన్ నుంచి స్టేడియందాకా వెళ్లే దారికి దీపాలున్నాయా, ఆడపిల్లలు నిర్భయంగా వెళ్లగలరా, ఇవన్నీ స్టేడియం నక్షాలో భాగమే. మన సర్జాపుర వైపు హెబ్బాళ్ నుంచి రావాల్సిన ఎర్ర మార్గం ఇంకా కాగితాల మీదే ఉంది కాబట్టి మన పిల్లలు ఆ రాత్రి దొమ్మసంద్ర రోడ్డు మీదే ఇంటికి రావాలి.

ఆట ముగిశాక ఆ కట్టడాలు ఏమవుతాయన్నది కూడా ఇప్పుడే అడగాలి. మన సర్జాపుర రోడ్డు రెండో కొసన, కోరమంగళలో, 1997 జాతీయ క్రీడల కోసం ఇదే హౌసింగ్ బోర్డు నేషనల్ గేమ్స్ విలేజ్ కట్టింది. క్రీడాకారులు వెళ్లాక అవి కుటుంబాలుండే ఇళ్లయ్యాయి. ఇప్పటికీ కళకళలాడుతున్నాయి. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడలకూ, 2003 అక్టోబర్‌లో ఆఫ్రో-ఆసియా క్రీడలకూ గచ్చిబౌలిలో స్టేడియాలు లేచాయి. పెద్ద స్టేడియానికి లోక్‌సభ స్పీకరుగా ఉండగా పోయిన జీఎంసీ బాలయోగి పేరు పెట్టారు.  2020లో కరోనా వచ్చినప్పుడు అక్కడి క్రీడాగ్రామంలోని బహుళ అంతస్తుల భవనమే టిమ్స్ ఆసుపత్రి అయింది. అవసరంలో ఊరికి ఉపయోగపడింది నిజమే, కానీ అన్నేళ్లపాటు ఆ భవనం క్రీడాకారులతో నిండి ఉంటే ఆసుపత్రికి ఖాళీగా దొరికేది కాదు కదా అన్న ఆలోచనా నాకొస్తుంది. సూర్యనగర్ ప్రతిపాదనలో ఈత కొలను, హాస్టళ్లు, ఇండోర్ ఆటలు కూడా ఉన్నాయి. ఆనేకల్ ప్రభుత్వ బడి పిల్లలు అందులో ఉదయం ఈత నేర్చుకుంటారా లేదా అన్నది ఇప్పుడు నిర్ణయం కావాలి.

ఆటలాడే ఆడపిల్లలను గుర్తుపెట్టుకునే విషయంలో విశాఖపట్నం ఒక మంచి పని చేసింది. 2025 మహిళల ప్రపంచకప్‌లో ఐదు మ్యాచ్‌లు అక్కడ జరిగాయి. అక్టోబర్ 12న భారత్-ఆస్ట్రేలియా మ్యాచ్ రోజున ఆ స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు మన విజయవాడ వికెట్ కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. మన గేట్లకూ ఆనేకల్ ఆడపిల్లల పేర్లు పెట్టే రోజు రావాలి.

ఈ నేల మీది జనానికి జాతర నడపడం తెలుసు. హుస్కూరు మద్దూరమ్మ జాతరకు చుట్టుపక్కల పల్లెలవాళ్లు వంద అడుగులు దాటిన తేర్లను ఎద్దులతోనూ, ట్రాక్టర్లతోనూ లాక్కుంటూ వస్తారు. తేరు వచ్చే దారిలో కరెంటు తీగలు విప్పుతారు. ఏ పల్లె తేరు ఎప్పుడు, ఏ దారిన రావాలో పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటారు. 2024లో ఒక తేరు కూలింది. 2025 మార్చిలో గాలివానకు తేర్లు కూలి ప్రాణాలే పోయాయి. ఎత్తు తగ్గించాలా, గాలి ఎంత ఉంటే ఆపాలి అన్న చర్చ ఆ పల్లెల్లోనే నడుస్తోంది. స్టేడియం విషయంలో కూడా ఈ పల్లెల పెద్దల్ని పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఏ కాలువ వానకు పొంగుతుందో, ఏ మలుపు దగ్గర బస్సు తిరగదో వాళ్లకు తెలిసినంత బాగా ఏ కన్సల్టెంటుకూ తెలియదు.

అందుకే సర్జాపుర, దొమ్మసంద్ర, ముత్తానల్లూరు, చందాపుర పంచాయతీలకూ, పురసభలకూ, మన అపార్ట్‌మెంట్ సంఘాలకూ నా మనవి ఇది. నక్షా ఇంకా కాగితం మీద ఉండగానే ఒక ఉత్తరం రాయండి. బయటి దారుల వెడల్పు ఎన్ని మీటర్లో అడగండి. టికెట్ లేనివాళ్ల కోసం మన ఊరి మైదానాల్లో పెద్ద తెరలు పెడతారా, నీళ్లూ మరుగుదొడ్లూ ఉంటాయా అని అడగండి. సన్మానమైనా ఊరేగింపైనా, ఎంతమంది వస్తే ఆపేస్తారో, ఆ మాట చెప్పే అధికారి ఎవరో అడగండి. ఉత్తరం తెలుగులో రాసినా, కన్నడంలో రాసినా ఫరవాలేదు. స్తంభాలకు గుంతలు తవ్వకముందే అది చేరాలి.